మూతల మూర్తి గారు

నరసింహమూర్తి గారికి మూతల పిచ్చి. ఇస్నాపూర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో గ్యాస్ ట్యాంకుల ఇన్‌ఛార్జి ఆయన. టీ గ్లాసు మీద సాసరు పెట్టనిదే కుర్చీలో కూర్చోరు. క్యాంటీన్‌లో పప్పు గిన్నెకు మూత లేకపోతే వంటవాడికి ఆ రోజు మూడినట్టే.

"ఆవిరి పోతోందయ్యా, కనబడట్లేదా?" అనేవారు.

"కనబడితే అది ఆవిరెట్లయితది సారూ," అనేవాడు గేటు సెక్యూరిటీ మల్లేష్.

ట్యాంకర్ డ్రైవర్ జంగయ్యకు ఆ రోజు నవ్వే ఓపిక లేదు. అతని బండిలో ఉన్నది మంచుకన్నా చల్లగా ఉంచి ద్రవంగా మార్చిన గ్యాస్. ఎండకు నిలబెడితే ఆవిరవుతుంది. ఆవిరి ఎక్కువైతే వాల్వు తెరుచుకుని గాలికి పోతుంది, తూకం తగ్గుతుంది. పోయినసారి అలా తగ్గితే దారిలో అమ్ముకున్నాడన్నారు. ఈసారి తగ్గితే బండి దిగిపొమ్మన్నాడు ఓనర్.

ముత్తంగి ట్రాఫిక్‌లోనే సగం ప్రాణం పోయింది. గేటు చేరేసరికి ప్రెషర్ ముల్లు ఎర్ర గీతకు వెంట్రుకవాసి దూరంలో ఉంది.

"కాంటా బంద్. తాళం మూర్తి సారు తాన ఉన్నది. తింటుండు," అన్నాడు మల్లేష్.

"జెర పోయి చెప్పన్నా. వాల్వు తెరుచుకుంటే నా బతుకు ఖతం."

మల్లేష్ ఫోన్ చేశాడు. జంగయ్య స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. మూర్తి గారి భోజనం సంగతి అందరికీ తెలుసు. ప్రతి ముద్దకీ కారియర్ గిన్నె మూత తీయాలి, మళ్ళీ పెట్టాలి. ఈలోగా తన ఉద్యోగం ఆకాశంలో కలిసిపోతుంది. ఇంట్లో ఏం చెప్పాలో కూడా తోచలేదు.

అంతలో ఎంగిలి చేత్తోనే మూర్తి గారు పరుగెత్తుకొచ్చారు.

"ముందు కాంటా ఎక్కించవయ్యా."

తూకం సరిగ్గా వచ్చింది. వెంటనే గొట్టం తగిలించి ఆవిరిని బాయిలర్‌కు మళ్ళించారు. ముల్లు మెల్లగా దిగింది.

"గ్యాస్ కోసం గింత ఉరికొచ్చినవా సారూ?" అన్నాడు జంగయ్య.

"గ్యాస్‌దేముందయ్యా, గాలిలో కలిసిపోతుంది. దొంగ అన్న మాట మాత్రం నీకే అంటుకుంటుంది. పోయినసారి నేను సెలవులో ఉన్నాను."

సంతకం కోసం జంగయ్య ఆయన గదిలోకి వెళ్తే, కారియర్ గిన్నెలన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. చారు మీద ఈగ తిరుగుతోంది. మూతలు నేల మీద పడి ఉన్నాయి. అతను వాటిని ఏరి, కడిగి, ఒక్కొక్కటే పెట్టాడు.

"ఇప్పుడెందుకయ్యా, ఆవిరంతా పోయిందిగా," అన్నారు మూర్తి గారు దిగులుగా.

"ఈ తూకం ఎవ్వలడుగుతరు సారూ. తినుండ్రి."

మూర్తి గారు కూర్చుని పప్పు గిన్నె మూత తీశారు, చల్లారిన పప్పు కాస్త వడ్డించుకుని, మళ్ళీ జాగ్రత్తగా మూత పెట్టారు.