గట్టెక్కితే సిగ్నల్

ఫోన్లో ఎవరైనా "గట్టిగా మాట్లాడు" అని విసుక్కుంటే నాకు అరకు బస్సులో కలిసిన ఓ కాఫీ రైతు గుర్తొస్తాడు. విశాఖ ఆసుపత్రికి వెళ్తున్నాడు. ఒళ్లో స్కాన్ ఫిల్ముల కవరు ఉంది. ఏమైందని అడిగితే ఎడమ చెవి చూపించాడు.

"ఇనికిడి నరం మీద గడ్డంటమ్మా. కేన్సర్ కాదట గానీ బాగా పెద్దదైపోనాది. తీసేత్తే ఈ సెవి ఇంక ఇనపడదంట. పక్క నరానికి తగిలితే మూతి కూడా వంకరపోతాదంట."

"ముందే తెలియలేదా?"

"సిగ్నల్ లేదనుకున్నానమ్మా. మా కొండల్లో ఫోన్ ఎప్పుడు సరిగ్గా ఇనపడింది గనక! పార్వతీపురం హాస్టల్లో ఉండి మా గుంట సదువుకుంటంది. అది ఫోన్ సేత్తే సిగ్నల్ కోసం కొండ గట్టెక్కీవోణ్ణి. అక్కడా ఇనపడక, గట్టిగా మాటాడలేవా అని దాన్నే తిట్టీవోణ్ణి. కొత్త ఫోన్ కూడా కొన్నాను. రెండో సెవికి పెట్టి సూద్దామని మాత్రం తోచలేదు."

అంతలో ఫోన్ మోగింది. అలవాటుగా ఎడమ చెవి దాకా తీసుకెళ్లి, ఆగి, కుడి చెవికి మార్చాడు. అవతలి అరుపు పక్కనున్న నాకూ వినిపించింది.

"నాన్నా, ఇనపడతందా?"

"ఇనపడతందమ్మా. మెల్లగా మాటాడు," అన్నాడతను.

ఆ పిల్ల అరుస్తూనే ఉంది.