ముందు మన కాళ్ళు

గోరువెచ్చని నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. చైతన్యపురిలో ఒక ఇంటి డాబా మీద, కొత్తగా బిగించిన హాట్ టబ్ అంచున సల్వార్ మడుచుకుని కూర్చున్నాను. అడుగున మోటారు గురగురమంటోంది. కరెంటు పనికి వచ్చిన ఆడమనిషి నీళ్ళలో కాళ్ళాడిస్తూ కూర్చోవడమేమిటని ఇంటివాళ్ళు తలుపు దగ్గర ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఇంటి పెద్దాయన చేతికర్ర పట్టుకుని ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు. నవ్వేవాళ్ళను నవ్వనీ. ఈ వేడి కాళ్ళకు తగిలినప్పుడల్లా నాకు సత్తయ్య కాకా గుర్తొస్తారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఉండేది. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడే వైరింగ్ నేర్చుకున్న మనిషి. పాలిటెక్నిక్ డిప్లొమా ఉండీ పెళ్ళయ్యాక పదేళ్ళు ఇంట్లోనే ఉండిపోయిన నేను, ముప్పై దాటాక కరెంటు పని కోసం తిరిగితే, నవ్వనిది ఆయనొక్కరే. "నిచ్చెనకు ఆడేంది, మొగేంది బిడ్డా? జర గట్టిగ పట్టుకుంటే చాలు" అన్నారు. నాకు నోరెక్కువ. చదువుకున్నాననే పొగరు అంతకన్నా ఎక్కువ. రెండేళ్ళు నన్ను ఓపిగ్గా భరించారు. దుకాణానికి వచ్చినవాళ్ళకు "మా ఇంజనీరు" అని చెప్పేవారు. నేనూ అది నిజమని నమ్మేశాను.

అప్పుడు వచ్చింది ఎల్బీ నగర్ పని. ఒకప్పుడు సేద్యం చేసి ఇప్పుడు ప్లాట్ల వ్యాపారంలో ఉన్న కుటుంబం. తల్లి లచ్చమ్మ గారి మోకాళ్ళ నొప్పులకు వేడినీళ్ళు మంచివని కొడుకు మల్లారెడ్డి డాబా మీద టబ్ పెట్టించాడు. కాకా ఆ పని మొత్తం నాకే వదిలేశారు. మెయిన్ బోర్డు నుంచి దానికంటూ విడిగా లావు కేబుల్ లాగాను. టబ్‌లో కూర్చున్నవాళ్ళ తడి చెయ్యి అందనంత దూరంలో స్విచ్ పెట్టాను. కరెంటు కారితే రెప్పపాటులో పడిపోయి సరఫరా ఆపేసే బ్రేకర్ బిగించాను. డాబా మీది పాత డబ్బాలో పచ్చ తీగె, అంటే ఎర్త్ తీగె, సిద్ధంగా కనిపించింది. దాన్నీ కలిపేశాను. బ్రేకర్ మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడిపోయింది. ఇంకేం కావాలి! నీళ్ళు నింపి కాకాకు కబురు పెట్టాను. ఆయన వచ్చేసరికి లచ్చమ్మ గారు భుజాన తువ్వాలు వేసుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి వచ్చేశారు.

కాకా టబ్ చుట్టూ ఒకసారి తిరిగారు. "అంత అయిందా?"

"అయింది కాకా. బటన్ గూడ నొక్కి చూసిన."

"అయితే ముందుగాల నువ్వు దిగు."

ఓస్, అంతేనా అని చెప్పులు విడిచాను. కాలు నీళ్ళ మీదికి చాపి ఆగిపోయాను. నేను బిగించిన ప్రతి స్క్రూ గుర్తుంది. కానీ ఆ పచ్చ తీగె గోడలోకి వెళ్ళాక ఎటు పోతుందో నాకు తెలియదు. కాకా చెయ్యి అడ్డం పెట్టి నన్ను వెనక్కి జరిపారు, వెళ్ళి స్విచ్ ఆపేశారు.

"నువ్వు దిగలేని నీళ్ళల్ల ఆ పెద్దమనిషిని ఎట్ల దింపుతవ్?" అరవలేదు, మెల్లగానే అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. "బటన్ నొక్కితే బ్రేకర్ సంగతి తెలుస్తది బిడ్డా. ఎర్త్ ఉన్నదా లేదా అది చెప్పది. గీ తీగె ఏడికి పోతది?"

మీటరు పట్టుకుని ఒక్కో అంతస్తూ దిగుతూ ఆ తీగె జాడ వెంట నడిచారు. ఆ జాడ ఈశాన్యం మూల తులసికోట దగ్గర ఆగింది. మల్లారెడ్డి నాలుక కరుచుకున్నాడు. ఎర్త్ గుంతలో పోసే ఉప్పూ బొగ్గూ ఈశాన్యంలో ఉండటం అరిష్టమని వాస్తు చూసినాయన చెబితే, ఆ గుంతలోని పైపు పీకించి, పూడ్పించి, దాని మీద తులసికోట కట్టించాడట. తెగిన తీగె గోడలో సిమెంటు కింద ఉండిపోయింది. హీటరు చెడి కరెంటు కారితే భూమిలోకి పోవడానికి దారే లేదు, నీళ్ళలో కూర్చున్న మనిషి తప్ప. ఆ బ్రేకర్ ఒక్కసారి మొరాయిస్తే లచ్చమ్మ గారు దక్కరు.

"అమ్మ పొద్దటి సంది ఎదురుచూస్తున్నది అన్నా. ఇయ్యాల దిగనియ్, ఎర్త్ సంగతి రేపు చూద్దాం" అన్నాడు మల్లారెడ్డి.

"అమ్మ రేపు గూడ ఉండాలె గద పటేలా" అన్నారు కాకా.

లచ్చమ్మ గారే పకపకా నవ్వారు. "ఇన్నేండ్లు ఓర్సుకున్న మోకాళ్ళు, ఇంకో రెండు దినాలు ఓర్సుకుంటయ్ తియ్" అని తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నారు.

తులసమ్మ జోలికి పోలేదు. ఆగ్నేయం మూల కొత్త గుంత తవ్వించారు. అది అగ్ని మూలే కాబట్టి వాస్తు ఆయనకూ నొప్పి ఉండదని కాకా నవ్వారు. పైపు దింపి, చుట్టూ ఉప్పు, బొగ్గు వరసలుగా పోసి, నీళ్ళు పట్టించారు. అక్కడి నుంచి డాబా దాకా కొత్త తీగె నాచేతే లాగించి, ప్రతి అతుకు దగ్గరా మీటరు పెట్టించారు. మూడో రోజు మీటరు లెక్క కుదిరింది. అప్పుడు కాకా ప్యాంటు మడిచి తానే ముందు నీళ్ళలో కాళ్ళు పెట్టి, "దా బిడ్డా" అన్నారు. పక్కన కూర్చున్నాను. ఆ తరువాతే లచ్చమ్మ గారు మెడ దాకా దిగి, కళ్ళు మూసుకుని, "అబ్బ, పాణం లేసొచ్చింది" అన్నారు. కంటికి కనపడని దాన్ని గోడల్లోంచి వెతికి పట్టుకుని, పైగా తనను తానే ముందు పెట్టుకున్న ఆ మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

కాకా పోయి నాలుగేళ్ళు. ఈ ఇంట్లో కూడా పొద్దున గుంత దగ్గర మొదలుపెట్టి, తీగె వెంట నడిచి, మీటరు సరేనన్నాకే కాళ్ళు పెట్టాను.

"ఏంటమ్మాయ్, ఎంతసేపూ నువ్వే కూర్చుంటే ఎలాగ? నా వంతు వస్తుందా రాదా?" పెద్దాయన కోస్తా యాసలో గదమాయించారు.

"రండి తాతయ్యా" అని చెయ్యి అందించాను. ఆయన కర్ర పక్కన పెట్టి మెల్లగా నీళ్ళలోకి దిగారు. నా కాళ్ళు మాత్రం నేను బయటికి తీయలేదు.