ఆడవాళ్లను పిలిచే వంతెన

మా ఊరి దగ్గరి రాతి వంతెనను రాజుల కాలంలో దొరలు దగ్గరుండి కట్టించారని అంటారు. రాళ్లు ఎడ్లబండ్ల మీద వచ్చాయట, సున్నంలో బెల్లం కలిపారట. ఇదంతా ఎవరైనా గట్టిగానే చెబుతారు. ఆ తర్వాతి మాటకు గొంతు తగ్గిస్తారు. నడిమి స్తంభం ఎంత కట్టినా నిలవలేదట. ఒక కూలీ ఆడమనిషిని లోపల పెట్టి రాళ్లు పేర్చాకే నిలిచిందట. తోడు కోసం ఆమె, దాటే ఆడవాళ్లను పిలుస్తుందట. మగవాళ్ల జోలికి రాదు.

నేను నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. వంతెన మొదట్లో ఉన్న బోర్డు కూడబలుక్కుని చదివితే రాజుగారి ఊసుంది, ఆమె ఊసు లేదు. కూలీ మనిషి సంగతి బోర్డు మీద ఎవరు రాస్తారు? నా అనుమానం బోర్డు మీద కాదు, మా మామ మీద.

మామది పడవ నడిపిన ఇల్లు. వాళ్ల నాయన నాటికే వంతెన వచ్చినా పడవ ఇంకా చాలా ఏళ్లు నడిచింది. నదిని ఈదిన పులి కథ, ఇసుకలో దిగబడిన పెళ్లివారి పడవ కథ ఆయన ఎన్నిసార్లయినా చెబుతాడు. వంతెన కథ ఎవరైనా ఎత్తితే మాత్రం లేచి పశువుల దగ్గరికి పోతాడు. అంత మంచి కథను ఎందుకు వదిలేస్తాడు? అత్త దాన్ని పూర్తిగా నమ్మింది. పడవ ఆగిపోయాక అవతలి గట్టు తొక్కలేదు.

మొన్నటి వానాకాలంలో అత్త కాలికి ముల్లు దిగి చీము పట్టింది. కాలు మోకాలి దాకా ఉబ్బింది, ఒళ్లు కాలిపోతోంది. ఆస్పత్రి నది అవతల. మంచం మీద మోసుకుపోదామని నా భర్త, పక్కింటివాళ్లు వచ్చారు. అత్త గుంజను పట్టుకుని వదల్లేదు.

"ఈడనే సస్త. దాని దగ్గరికి మాత్రం రాను."

నేను మామను పక్కకు పిలిచాను.

"మామా, ఆ కథ నువ్వెందుకు చెప్పవ్?"

"ఏ కథ?"

"ఏ కథనో నీకెర్కనే."

ఆయన నది వైపు తిరిగాడు. "మా నాయిన పుట్టించిండు. వంతెన కట్టినంక పడవ ఎవలెక్కుతరు? భయపడ్డ ఆడోళ్లు ఎక్కుతరు. నేను గూడ చెప్పిన."

"అత్తకు?"

"పెండ్లికి ముందు. పడవలనే. శానా బాగ చెప్పిన."

ఆ మాటే అత్త ముందు చెప్పించాను. ఆమె సగం మూసిన కళ్లతో విన్నది.

"నన్ను దాటియ్యనీకి అబద్ధమాడుతుండు."

"అప్పుడు ఆడిన. ఇది నిజం."

"అప్పుడు గూడ నిజమనే చెప్పినవ్."

నాకూ ఆయన మీద పూర్తి నమ్మకం కుదరలేదు. పెళ్లాం చచ్చిపోతుందన్న భయంలో మనిషి ఏమైనా అంటాడు.

చివరికి అత్తే అన్నది. "లేదంటున్నవ్ గదా. పోయి దానికే చెప్పు. నేను ఇనాలె."

మంచం ఎత్తారు. వాన పడుతూనే ఉంది. నడిమి స్తంభం దగ్గర మామ పిట్టగోడ పట్టుకుని కిందికి వంగాడు. నీళ్ల వైపు మెల్లగా అన్నాడు.

"నువ్వు లేవు తల్లీ. మా నాయిన పుట్టించిండు."

అత్త పైన కప్పిన ప్లాస్టిక్ పట్టా తొలగించింది. "గట్టిగ చెప్పు. నీళ్ల సప్పుడుల ఏమినవడ్తది?"

ఆయన అరిచి చెప్పాడు. ఆమె తల ఊపి, మోసేవాళ్లతో "పోనియ్యుండ్రి" అన్నది.

కాలు దక్కింది. తిరిగొచ్చేటప్పుడు అత్త నా భుజం పట్టుకుని వంతెన మీద నడిచే వచ్చింది. ఇప్పుడు అవతలి సంతకు కూడా వస్తోంది. మామ మాత్రం ఒంటరిగా దాటడం మానేశాడు. మాలో ఎవరో ఒకరం తోడు పోవాలి.

"లేనిదానికి భయమేంది ముసలోడా?" అని అత్త ఒకరోజు గుచ్చింది.

"ఉన్నదో లేదో," అన్నాడాయన. "లేవని మొకం మీదనే అన్న గదా. కోపం రాదా?"