తాయ్ లావో సాప్పాడు

పోయిన నెల ఒక ఉదయం బడికి బయల్దేరుతుంటే వేలూరు నుంచి అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడు పాపా. కాఫీ తెచ్చి పిలిస్తే పలకలేదు" అంది. వేలూరులో ఆస్పత్రికి పోయే సందులో, అత్త నడిపే కిరాణా అంగడి వెనక భాగంలో, పప్పుల మూటలకూ సబ్బుల అలమరకూ మధ్య నాలుగు బల్లలు వేసి తాయ్‌లాండు, లావోస్ వంటలు పెట్టిన మనిషి మా మేనమామ. నేనిలా తెలుగులో రాస్తున్నానంటే నవ్వి ఉండేవాడు. తమిళనాట గుడియాత్తంలో పుట్టి, బతుకంతా తెలుగు మాట్లాడి, ఒక్క తెలుగు అక్షరమూ చదవలేని మేస్త్రీ ఆయన.

కట్టడం పనికి సింగపూరు పోయి చాలా ఏళ్ళు ఉన్నాడు. అక్కడ ఆయనతో ఒకే గదిలో ఉన్న ఇద్దరిలో ఒకడు తాయ్‌లాండువాడు, ఇంకొకడు లావోస్‌వాడు. ఒకసారి మామ జ్వరంతో లేవలేకపోతే ఆ ఇద్దరే అల్లం వేసి గంజి కాచి తాగించారట. "సొంత తమ్ముడు గూడా అట్ల చూసుకొనుండడమ్మా" అనేవాడు. తిరిగొచ్చాక వాళ్ళ వంట వాళ్ళ పేరు చెప్పి పదిమందికి పెట్టాలని ఆయన పట్టు. పళ్ళెం బల్ల మీద పెడుతూ ఇది ఎవరు నేర్పారో చెప్పనిదే కదిలేవాడు కాదు. 'నా వంట' అన్న మాట ఆయన నోట నేను ఒక్కనాడూ వినలేదు.

చేతిపని మాత్రం మేస్త్రీదే. రసమట్టం పెట్టి బల్లలు సరిచూశాడు. గోడకు పూత పూసినంత శ్రద్ధగా పళ్ళెం అంచు తుడిచేవాడు. అక్కడివాళ్ళు వాడే చేపల రసం ఇక్కడ దొరక్క ఎండు నెత్తళ్ళు ఉప్పునీళ్ళలో మరగబెట్టి వడగట్టాడు. ఆ రోజు అంగట్లో అగరుబత్తీలు కొన్నావిడ మరునాడే తిరిగి తెచ్చిచ్చింది. "పూజగదిలో చేపల వాసనొస్తా ఉండాదంట. సూడయ్యా నీ నిర్వాకం!" అని అత్త గంటసేపు దులిపేసింది. మామ అగరుబత్తీలన్నీ డబ్బాల్లో పెట్టి మూతలు బిగించాడు.

పచ్చిబొప్పాయి తురిమి, మిరపకాయలు వేసి రోట్లో దంచి నాకు మొదటిసారి పెట్టినప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు. రోట్లో దంచింది కదా, రోటిపచ్చడే అనుకున్నాను. వేడన్నం పెట్టించుకుని, నువ్వులనూనె పోసి కలిపాను. మామ నా చెయ్యి పట్టుకోబోయి, మళ్ళీ వదిలేశాడు. "తినమ్మా. ఆ లావోస్‌వాడు చూసింటే ఏడ్చేవాడు గానీ, నువ్వు తిను" అన్నాడు.

అసలు తంటా బోర్డుతో వచ్చింది. బోర్డు రాసిన పెయింటరు తమిళంలో 'తాయ్ లావో సాప్పాడు' అని పెద్దగా రాసి పోయాడు. తమిళంలో తాయ్ అంటే అమ్మ, సాప్పాడు అంటే భోజనం. మన చెవికి లావో అంటే లావు. మా ఊళ్ళలో రెండు భాషలూ ఒకే నోట్లో ఉంటాయి కదా, ఆటోవాళ్ళకు ఇంకేం కావాలి? "ఏమప్పా, అమ్మ చేతి తిండి తిని లావు కావల్లనా?" అని ఆట పట్టించారు. లోపలికొచ్చిన వాళ్ళు సాంబారు అడిగి, లేదంటే మొహం ముడుచుకుని పోయేవాళ్ళు. బల్లలు ఖాళీ. "ఆడి నెల దాటేలోపల జనం రాకుంటే ఇది మూసెయ్యల్ల. మూటలు పెట్టుకునే దానికి చోటు లేదు" అని అత్త గడువు పెట్టింది. ఆడి అంటే తమిళుల ఆషాఢం. బోర్డయినా మార్చమని నేనూ పోరాను. "అమ్మ అనుకొని వచ్చినోణ్ణి బోర్డు తప్పుబ్బా అని ఎట్ల పంపేది?" అన్నాడు మామ. నాకు కోపం వచ్చింది. ఇంత మొండితనం ఎందుకనుకున్నాను.

ఆడి నెల సగమైంది. ఒక మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. జోలార్పేట నుంచి వచ్చిన ఒకాయన ఫ్లాస్కు పట్టుకుని లోపలికొచ్చాడు. భార్యకు ఆపరేషన్ అయిందట, ఏం పెట్టినా కడుపులో నిలవడం లేదట. "తాయ్ సాప్పాడుదానే? కొంజం కంజి కిడైక్కుమా?" అన్నాడు. అమ్మ చేతి భోజనమేగా, కాస్త గంజి దొరుకుతుందా అని. అత్తా నేనూ మొహాలు చూసుకున్నాం. మామ పొయ్యి వెలిగించాడు. సింగపూరులో తనకు కాచిన గంజి కాచాడు. ఫ్లాస్కులో పోసిస్తూ, "ఇది నాకు మా తాయ్‌లాండు స్నేహితుడు నేర్పినాడప్పా" అన్నాడు. ఆ మనిషి బుర్ర ఊపాడు గానీ, విన్నాడో లేదో.

మరునాడు మళ్ళీ వచ్చాడు. "తాగింది. నిలిచింది" అని మామ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన వార్డులో ఇంకో ఇద్దరికి చెప్పాడు. వాళ్ళు మరికొందరికి చెప్పారు. గంజికి వచ్చి కూర్చున్నవాళ్ళు బొప్పాయి రుచి చూశారు, కొందరు మళ్ళీ అడిగారు. ఆడి నెల దాటింది. అత్త మూటల మాట ఎత్తలేదు. చెప్పొద్దూ, మామ మొండితనమని నేననుకున్నది మర్యాద అని నాకు తెలిసేసరికి చాలా ఆలస్యమైంది. ఆ మాట ఆయనతో అననేలేదు.

గుడియాత్తంలో కర్మ అయిపోయాక అత్తకు తోడుగా వేలూరు వెళ్ళాను. వంటిల్లు ఇక మూసేస్తుందనే అనుకున్నాను. ఆ పొయ్యి దగ్గర ఆమె ఏనాడూ నిలబడింది లేదు. అంగడి తలుపు తీసిన కాసేపటికే ఒక ముసలాయన వచ్చి, "మేస్త్రీ లేడామ్మా? మా పాపకు గంజి కావల్ల" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్త తక్కెడ పక్కకు పెట్టి వెనక్కి నడిచింది. అల్లం సన్నగా తరగడం రాక లావు ముక్కలే వేసింది. రెండుసార్లు రుచి చూసింది. గిన్నె మీద మూత పెట్టి, తువ్వాలు చుట్టి ఆయన చేతికిచ్చింది.

"ఉప్పు ఎట్లుండాదో వచ్చి చెప్పు నాయనా. రేపు సరిచేస్తా" అంది.

ఆయన ఆ గిన్నెను గుండెకు ఆనించుకుని, ఒలకకుండా అడుగులో అడుగు వేసుకుంటూ రోడ్డు దాటాడు. ఆయన ఆస్పత్రి గేటు లోపలికి పోయేదాకా అత్త గడపలోనే నిలబడింది.