మొగలి డొంకలో బుస

బరంపురం గేట్ బజార్ సందుల్లో పుట్టిన నాకు పెళ్లయ్యేదాకా పామంటే పాములవాడి బుట్టలో ఉండేదే. ఆర్యపల్లి దాపున ఓ పల్లెకు కాపరానికొచ్చాక తెలిసింది, అత్తగారింట్లో పొయ్యి వెలిగేది మొగలిపువ్వు మీదేనని. వానాకాలం తెల్లవారుతూనే గట్ల మీది పొదల్లో పువ్వు కోసి, ఎండెక్కకముందే అత్తరు బట్టీకి చేర్చాలి. ఆ పొదల్లోనే రక్తపింజరలు.

మా అత్తకు వాటిమీద కోపమేమీ లేదు. నాగుపాము అలికిడి వింటే తప్పుకుపోతుంది, ఇది మాత్రం ఎండుటాకుల్లో కదలకుండా పడుకుంటుంది, అయితే కరిచేముందు చాలాసార్లు పొడుగ్గా బుస కొడుతుందని చెప్పేది. అందుకే పొద ముందు కొడవలి కట్టిన గడతో నేలను మూడుసార్లు తాటించాలి, ఊపిరి బిగబట్టి వినాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

“దాని మరియాద అది సేస్తాది, మన మరియాద మనం సెయ్యాల” అనేది.

ఇంట్లో మాత్రం మా ఇద్దరి మధ్యా మర్యాదలు అంతంతమాత్రం. పిలిస్తే పలికేది కాదు. బిగువనుకున్నాను. ఉక్రోషం కొద్దీ పొయ్యి దగ్గర కూర్చుని నానా మాటలూ గొణిగేదాన్ని. ఒక్కదానికీ బదులు చెప్పేది కాదు. నా నోటికి జడిసిందనుకుని లోలోపల మురిసిపోయాను కూడా.

ఓ శ్రావణం పొద్దున ఇద్దరం గట్టుకు వెళ్లాం. అత్త పద్ధతి తప్పకుండా మూడుసార్లు గడ తాటించి, తల వంచి ఆగింది. పొదలోంచి బుస మొదలైంది. మా పుట్టింట్లో కుక్కర్ కూడా అంత గట్టిగా కూయలేదు. పదడుగుల వెనకున్న నాకే స్పష్టంగా వినబడింది. ఆవిడ మాత్రం నింపాదిగా చెయ్యి లోపలికి చాపింది. అత్తా అని అరిచాను. తిరగలేదు. పరిగెత్తి కొంగు పట్టి లాగితే ఇద్దరం బురదలో వెల్లకిలా పడ్డాం. ఆకుల్లో చుట్ట చుట్టుకున్న పాము ఇంకా బుస కొడుతూనే ఉంది. అత్త దాన్ని చూసి, నన్ను చూసి, నవ్వబోయి ఏడ్చేసింది.

రెండేళ్లుగా చెవులు వినిపించడం లేదట. తెలిస్తే కొడుకు పువ్వుకు పోనివ్వడని దాచిందట. పని లేకుండా ఇంట్లో మూల కూర్చోవడమంటే ఆవిడకు పాముకన్నా ఎక్కువ భయం. నాకు సిగ్గేసింది, మొదటిసారి ఆవిడ మీద ప్రేమ కలిగింది. ఎదురుగా నిలబడి, ఎవరికీ చెప్పనన్నాను. ఇకమీదట తాటించడం నీ వంతు, వినడం నా వంతు, నేను తలూపితేనే చెయ్యి పెట్టాలన్నాను.

తిరిగొస్తుంటే నాకు ఇంకో సంతోషం. పొయ్యి దగ్గర గొణిగినవేవీ ఆవిడ చెవిన పడలేదన్నమాట. నోరూరుకోక ఆ మాట అడిగేశాను.

అత్త నెత్తిన గంప సర్దుకుంది. “నీ పెదాలు సూత్తూనే ఉన్నాను పిల్లా. ఆ పాముకే పెదాలు కదలవు.”

ఆ తర్వాత పదహారు వానాకాలాలు ఆవిడ పక్కన నిలబడి విన్నాను. గొణగాలనిపిస్తే మాత్రం గోడవైపు తిరిగేదాన్ని.