తెరలు కట్టిన గూడు బండి

నా చిన్నప్పుడు మా ఇళ్లల్లో ఎండకంటే గాలికే ఎక్కువ భయపడేవాళ్లు. ముఖ్యంగా బాలింతకు గాలి సోకకూడదు. ఎండకు మనుషులు పడిపోయేవాళ్లు గానీ, దానిమీద ఎవరికీ అంత పగ ఉండేది కాదు.

మా అక్క చాకవేలులో మా ఇంట్లో పురుడు పోసుకుని, మూడో నెల బిడ్డను ఎత్తుకుని బట్లహళ్ళిలోని అత్తగారింటికి బయలుదేరిన రోజు నాకు తొమ్మిదేళ్లు. యుద్ధకాలం. బొగ్గుతో నడిచే బస్సు ఒకటి ఉండేది గానీ, దాని పొగ బాలింతకు మరీ చెడ్డదన్నారు. వేసవిలో బండ్లు తెల్లవారుజామునే కదిలేవి. మా ఊరి పురోహితుడు అయ్యవారికి మాత్రం పంచాంగంలో మంచి గడియ పొద్దు బాగా ఎక్కాకే దొరికింది. ఆయన బండిలో రావడం లేదు కనుక ఆయనకు అందులో దోషమేమీ కనిపించలేదు.

వెదురు చాపను వంచి కట్టిన గూడు బండి అది. ముందొకటి, వెనకొకటి మందపాటి దుప్పట్లను తెరలుగా కట్టించింది మా అవ్వ. అక్క చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒళ్లో బిడ్డ. పక్కన విసనకర్రతో నేను. విసరడానికి కాదు, ఈగలు తోలడానికి. అవ్వ మాత్రం తెర బయట, బాడుగకు బండి తోలే ముసలి తాత పక్కన కూర్చుంది. లోపలి ఉక్క ఆమెకు పడదట.

ఊరు దాటాక చెట్లు పలచబడ్డాయి. తెర సందులోంచి చూస్తే కంచెమీద కాకులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, అరవడం లేదు. బిడ్డ మాత్రం ఏడుస్తూనే ఉన్నాడు. పాలు పట్టబోతే తల తిప్పుకుంటున్నాడు. ఇంట్లో అందరినీ నవ్వించే పిల్లను నేను. ఆ పేరు నిలబెట్టుకోవాలని తల బయటపెట్టాను.

"అవ్వా, సంగటి ఉడికిందేమో వచ్చి చూడు. ఎసురు మేమే."

"నోరు మూసుకోని కుచ్చో. తెర సరిగ్గా కట్టు, గాలి కొడతాండాది."

కొంతసేపటికి బిడ్డ ఏడుపు ఆగింది.

"చూడు, గాలి తగలకపోతే ఎంత బాగా నిద్దర పోయినాడో," అని అవ్వ బయటినుంచే సంబరపడింది.

నిద్రపోయే బిడ్డ పిడికిలి బిగించి ఉంటాడు. వీడి వేళ్లు వాడిన చిక్కుడుకాయల్లా వేలాడుతున్నాయి. ముట్టుకుంటే ఒళ్లు కాలిన పెంకులా ఉంది. అక్కను పిలిచాను. కళ్లు సగం తెరిచింది, పలకలేదు.

"అవ్వా, బిడ్డ మెదలడంల్యా."

"ఇంగ దీని వేషాలు మొదలైనాయి," అని నవ్వింది అవ్వ. తప్పు ఆమెది కాదు. ఆ నెలలోనే నాకు మూడుసార్లు తేలు కుట్టింది, మూడుసార్లూ భోజనాల వేళకు నయమైంది. మళ్లీ అదే మాట చెప్పాను. ఈసారి గొంతులోంచి ఏడుపు వచ్చింది. ఏడుపు కూడా నాకు వచ్చిన విద్యేనని అవ్వకు తెలుసు.

తాత మాత్రం పగ్గం బిగించాడు. బాలింత ఉన్న తెరను మగవాడు ఎత్తకూడదు. ఎత్తినా అవ్వ మళ్లీ కట్టేస్తుంది. ఆయన వాదించలేదు.

"అమ్మా, ముందర బరువెక్కువై ఎద్దుల మెడ నొక్కుకుంటాండాది. రొంతసేపు లోపల కుచ్చో. తెర నేను కడతా."

అవ్వ గొణుక్కుంటూ లోపలికి వచ్చింది. తాత బయటినుంచి ముడి బిగించాడు. ఎద్దులు పదడుగులు వేశాయో లేదో, అవ్వ చెయ్యి బిడ్డమీద పడింది. ముడి విప్పేదాకా ఆగక తెరను పీకేసింది.

"ఆపప్పా! బిడ్డ కాలిపోతాండాడు!"

రెండుసార్లు నేను చెప్పిందే. ఆమె నోట వచ్చాక నిజమైంది.

తాత బండిని చింతతోపు నీడకు మళ్లించి, గాలికి ఎదురుగా నిలబెట్టాడు. రెండో తెర కూడా ఊడదీయించాడు. ఎద్దులకని తెచ్చిన కుండ నీళ్లతో గోనెపట్టాలు తడిపి గూటిపైన పరిచాడు. "పైన తడి, లోపల గాలి ఉండల్ల. తడిపి మూస్తే కుడుములే," అన్నాడు. కుండలో మిగిలిన నీళ్లు ఎద్దులకు పెట్టలేదు. అవ్వ ఆ నీళ్లతో బిడ్డను తుడిచింది, అక్క ముఖం కడిగింది, మళ్లీ బిడ్డను తుడిచింది. ఏదైనా అని నవ్వించాలనుకున్నాను. నోట్లో ఉమ్మి కూడా లేదు.

చాలాసేపటికి బిడ్డ పిల్లికూన గొంతుతో కీచుమన్నాడు. అక్క రొమ్ము అందుకున్నాడు. అవ్వ బండి చక్రానికి తల ఆనించి ఏడ్చింది. మంచి గడియ ఆ తోపులోనే ఎప్పుడో దాటిపోయింది, ఎవరూ దాన్ని వెతకలేదు.

ఎద్దులను కడుతూ తాత నాతో మెల్లగా అన్నాడు. "పాపా, మొదట సంగటి అంటివి, నేనూ నవ్వితి. నిజం చెప్పేటప్పుడు దాన్నొక్కదాన్నే చెప్పల్ల."

ఆ మాట సగమే నేర్చుకున్నాను. ఆయన చేసిన పని మాత్రం పూర్తిగా నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే ముసలిదాన్ని నేనే. బాలింత గది కిటికీలు మూయమని ఎవరైనా పెద్దరికం చేస్తే వాదించను. తల్లినీ బిడ్డనూ వసారాలోకి పిలిచి, ఆ సలహా ఇచ్చినవాళ్లను లోపల పీటమీద కూర్చోబెట్టి, కిటికీలన్నీ మూసి, తలుపు దగ్గరికి వేసి వస్తాను. బయట నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెడతాను. ఇంతవరకు ఎవరూ నూరు దాటలేదు.