ఎడమ అంచున నిలబడ్డ ఆవిడ

ఆ వీధిలో ఆమెను అందరూ రంగులక్క అంటారు. పాత ఫోటోలు బాగుచేయడం ఆమె పని. చెదలు తిన్న చెవులు, చెమ్మకు ఉబ్బిన బుగ్గలు, మడతపడి చీలిపోయిన నుదుళ్లు ఆమె బల్ల మీదికి వస్తాయి. సన్నని కుంచెతో, మెత్తని దూదితో వాటిని మళ్లీ మనుషుల్ని చేసి పంపుతుంది. స్టూడియో తండ్రిది, పనీ ఆయన నేర్పిందే. ముందు ఫోటో మీద వార్నిష్ పూత, అది ఆరాక దాని మీద రంగు. రంగు కుదరకపోతే టర్పెంటైన్‌లో ముంచిన దూదితో తుడిచేయవచ్చు, కింది ఫోటోకి ఏమీ కాదు. "రంగు పోయినా మనిషి పోడమ్మా," అనేవాడు ఆయన, కిటికీ వెలుగుకు కళ్లు చికిలించి.

తల్లి ఒక ఉదయం సంచి పట్టుకుని బయటికి వెళ్లి తిరిగి రాలేదు. ఆ ఉదయమే నగరం నడిబొడ్డున, సభ ముగించుకుని మెట్లు దిగుతున్న నాయకుణ్ణి ఎవరో కాల్చి చంపారు. జనం చెల్లాచెదురయ్యారు. తొక్కిసలాటలో చాలామంది పోయారు. ఎవరు ఎవరో తేలకముందే అందరినీ ఒకేచోట పూడ్చేశారు. రంగులక్కకి అప్పటికి ఇంకా కుడి ఎడమ చెప్పులు మార్చి వేసుకునే వయసు.

ఎవరో సరదాకి కెమెరా కొనుక్కున్నాయన తీసిన చిన్న ఫిల్ము ఒక్కటే ఆ రోజుకి సాక్ష్యంగా మిగిలింది. ఏటా ఆ తేదీకి టీవీలో వేస్తారు. మెట్లు, చేతులూపే జనం, ఛాతీ పట్టుకుని కూలిపోయే నాయకుడు. చూసేవాళ్లంతా ఆయన్నే చూస్తారు. రంగులక్క మాత్రం తెర ఎడమ అంచు చూస్తుంది. అక్కడ ఇనుప కటకటాల ముందు, టోపీ పెట్టుకున్నాయన భుజం పక్కన, చేతిలో సంచితో ఒకావిడ నిలబడి ఉంటుంది. గోరంత ముఖం. ఒక్క క్షణం ఎవరో పిలిచినట్టు ఇటు తిరుగుతుంది. తర్వాత జనం ఆమెను మింగేస్తారు.

అలాగే తల తిప్పి, నీలి తెర ముందు, రంగుల్లో, స్టూడియో గోడ మీది ఫోటోలో అమ్మ ఉంది. చిన్నప్పుడు టీవీలో మొదటిసారి ఆ ఫిల్ము చూసి "అమ్మ!" అని కేక పెట్టింది రంగులక్కే. తండ్రి లోపలికి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ఆయన పోయేవరకు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇన్నేళ్లకు ఆ మెట్ల పక్క భవనాన్ని మ్యూజియం చేశారు. ఫిల్ములో కనిపించే ప్రతి మనిషికీ పేరుపలక పెడతామని ప్రకటించారు. ఇంకేముంది, వరండా అంతా బంధువులే. టోపీ ఆయనకు ముగ్గురు కొడుకులు తేలారు, ముగ్గురికీ తల్లులు వేరు.

"మీ నాన్నది టోపీ పెట్టే మొహమేనా?" అన్నాడు ఒకడు.

"మా నాన్న మొహం సంగతి నీకెందుకురా? ముందు నీ తండ్రెవరో తేల్చుకో!" అన్నాడు రెండోవాడు. చొక్కా కాలర్లు చేతుల్లోకి వచ్చాయి.

రంగులక్కకి నవ్వొచ్చింది. ఎడమ అంచు ఆవిడ కోసం కూడా తనతోపాటు ఇంకొకరు వచ్చారని తెలిసేవరకే ఆ నవ్వు.

ఆయన రిటైరైన బస్సు కండక్టరు. ఇంట్లో గొడవపడి, గడప దాటి, మళ్లీ కనిపించని అక్క కోసం వచ్చాడు.

"నీ దగ్గర ఫోటో ఉందటగా తల్లీ," అన్నాడు. "నా దగ్గర ఏమీ లేదు. మా నాన్న కోపంలో అన్నీ చింపేశాడు. కానీ జీవితమంతా టికెట్లు కొడుతూ ముఖాలే చూశాను. ఒకసారి దిగినవాడు మళ్లీ ఎక్కితే పట్టేసేవాణ్ణి. నేను పొరబడను."

"మా అమ్మని నేను పొరబడతానా బాబాయ్?"

"నువ్వప్పుడు ఎంతదానివి?"

ఆ మాట ముల్లులా దిగింది. గోడ మీది ముఖం తీసేస్తే ఆమెకు మిగిలేది ఒక సబ్బు వాసన, జడ వేసేటప్పుడు లాగిన నొప్పి, అంతే.

మ్యూజియం అధికారిణి ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "పైనంతా పెయింటేనండీ. రంగు కింద అసలు ఫోటో చూపించగలరా? ముఖం కలిస్తే మీ అమ్మగారి పేరే పెడతాం."

"అదెంత పని," అంది రంగులక్క.

స్టూడియో వెనక గదుల్లో ఆమె, మేనత్త ఉంటారు. అత్త కళ్లకు పొరలు కమ్మాయి, నోటికి మాత్రం ఏ పొరా లేదు. "మళ్లీ దూది పరిచావా? ఈ ఇంట్లో టీ తాగినా నోట్లోకి దూదే వస్తోంది," అని గొణుక్కుంటూ పక్క గదిలోకి వెళ్లింది.

రంగులక్క ఫ్రేము విప్పింది. ఎవరి ఫోటో అయినా మూల నుంచి మొదలుపెడుతుంది. ఇది అమ్మ కాబట్టి ఆగలేక ముఖం నుంచి మొదలుపెట్టింది. పెదవుల ఎరుపు దూదికి అంటింది. బుగ్గల గులాబీ, కనుబొమల నలుపు, ముక్కు పక్కన పొగలాంటి నీడ. ఒక్కో ఉండ ఒక్కో రంగు తాగి బల్ల మీద పడింది. అడుగు నుంచి, చెరువు ఎండినప్పుడు రాయి తేలినట్టు, నలుపు తెలుపుల ముఖం ఒకటి పైకి వచ్చింది. ముక్కు వెడల్పు. పెదవులు పల్చన. అలసిపోయిన కళ్లు. అది ఎవరి ముఖమో ఆమెకు తెలియలేదు. చేయి దానంతటదే నీలి తెరను తుడిచింది. తెర వెనక ఇనుప కటకటాలు. వాటి ముందు ఒక మగమనిషి భుజం, టోపీ అంచు.

ఆమె లేచి పక్క గది గుమ్మంలో నిలబడింది.

"అత్తా, అమ్మ ఫోటో ఎవరు తీశారు?"

"ఇప్పుడెందుకే?"

"తెర కింద కటకటాలున్నాయి."

మడతపెడుతున్న దుప్పటి అత్త ఒళ్లో ఆగిపోయింది. "నీకు జ్వరం. అమ్మని చూపించమని ఒకటే ఏడుపు. ఇంట్లో ఒక్క ఫోటో లేదు. వదిన ఎప్పుడూ లైటు పట్టుకుని నిలబడేదేగానీ ముందు కూర్చునేది కాదు. 'రోజూ చూస్తూనే ఉన్నారుగా, నా ముఖం ఎక్కడికి పోతుంది' అనేది. ఫోటోగ్రాఫరు పెళ్లానికి ఒక్క ఫోటో లేదంటే ఎవరైనా నవ్వుతారు. పేపరాఫీసులో పనిచేసే స్నేహితుడి చేత అన్నయ్య ఆ ఫిల్ములోంచి పెద్ద ప్రింటు వేయించుకొచ్చాడు. ఆవిడ వయసు సరిపోయింది, తల తిప్పిన తీరు సరిపోయింది."

"ఆవిడే అమ్మ అనుకున్నాడా?"

"పిచ్చిదానా, కాదని తెలుసు. అందుకేగా ముక్కు మార్చాడు! పెదవులు, కనుబొమలు అన్నీ తన చేత్తో గీశాడు. ఇలాగే ఉండేది కదా, ఇలాగే కదా అని నన్ను అడిగి అడిగి చంపాడు. అయ్యాక చూస్తే అచ్చం వదినే. భోరుమన్నాను. ఏమే, పలకవేం? ఫోటోకేమైనా అయిందా?"

"ఏం కాలేదత్తా."

మర్నాడు మ్యూజియంలో అధికారిణి ప్రింటును ఫిల్ము పక్కన పెట్టి చూసి, "కలిసింది!" అంది ఉత్సాహంగా.

"కలవక ఏమవుతుంది? ఇదీ అందులోదే," అంది రంగులక్క. "ఆవిడ మా అమ్మ కాదు. పలక ఈయనకివ్వండి."

కండక్టరు ప్రింటును రెండు చేతులా అందుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఫిల్ములోని ఆ ముఖాన్ని అంత పెద్దగా ఆయన ఎన్నడూ చూడలేదు. కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. బయట బస్సులు వెళుతున్నాయి. ఎంతసేపటికో వెనక్కి వచ్చి ప్రింటును బల్ల మీద బోర్లా పెట్టాడు.

"దూరంగా ఉన్నప్పుడే మా అక్కలా ఉండేది," అన్నాడు.

అధికారిణి జాబితాలో ఎడమ అంచు ఆవిడ దగ్గర 'పేరు తెలియదు' అని రాసుకుంది. రంగులక్కా, కండక్టరూ వరండా బెంచీ మీద కూర్చున్నారు. టోపీ ఆయన కొడుకులు ఇంకా తిట్టుకుంటూనే ఉన్నారు. వాళ్లకు తిట్టుకోవడానికైనా ఒక ముఖం ఉంది.

"మీ అమ్మ ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు ఆయన.

చెప్పబోయి ఆగిపోయింది. కళ్లలో బొమ్మ లేదు. వెడల్పు ముక్కు ఆవిడే అడ్డంగా వచ్చి నిలబడుతోంది. అప్పుడు గుర్తొచ్చింది బల్ల మీది దూది. ఆ ఎరుపు, ఆ గులాబీ, ఆ నీడ. నాన్న జ్ఞాపకమంతా వాటిలోనే ఉంది. చెప్పకుండానే లేచి ఇంటికి పరుగెత్తింది.

బల్ల అద్దంలా మెరుస్తోంది.

"శుభ్రం చేశానే," అంది అత్త గర్వంగా. "కళ్లు కనబడకపోతేనేం, చేత్తో తడిమి తడిమి ఒక్క ఉండ మిగలకుండా ఏరాను. చెత్తబండి వాడు ఇప్పుడే పట్టుకెళ్లాడు. వదినని మళ్లీ గోడకి పెట్టావా?"

రంగులక్క గోడకు ఉన్న ఖాళీ మేకును చూసింది.

"పెట్టానత్తా."

అత్త ఆ వైపు ముఖం తిప్పి, పొరలు కమ్మిన కళ్లతో కాసేపు చూసింది.

"ఆ ముక్కు మాత్రం అన్నయ్య సరిగ్గా పట్టాడే," అంది.